పచ్చడి డబ్బా, ప్రోటీన్ తొడుగు

“మీ దేశంలో ఇలాంటి శుభ్రత అలవాటు ఉండదేమో” అన్నాడు మా సూపర్‌వైజర్, నా అన్నం డబ్బాలోని టమాటా పచ్చడిని చూసి. అందరూ చూస్తుండగానే డబ్బాను సంచిలో కట్టించి బయట పెట్టించాడు.

నేను పనిచేసేది నెదర్లాండ్స్‌లో, గాజు పందిళ్ల కింద టమాటా పండించే చోట. వైరస్ వస్తుందని, బయటి టమాటాలు, మిరపకాయలు లోపలికి తేకూడదని గోడ మీద రాసి ఉంది. అందులో పచ్చడి ఊసు లేదు. నూనె తేలేదాకా మగ్గిన పచ్చడిలో ఏ వైరస్ నిలుస్తుంది? మూతకు పచ్చి రసం అంటి ఉండవచ్చన్నాడు. అంతవరకు న్యాయమే. కానీ ఆ శుభ్రత మాట మాత్రం నాకు మింగుడు పడలేదు. శ్రీకాకుళం జిల్లా నైరలో వ్యవసాయ డిగ్రీ చదివి వచ్చినవాణ్ణి.

అతని భయం ఊరికే పుట్టింది కాదు. 2015లో జోర్డాన్ టమాటాల్లో కనిపించిన బ్రౌన్ రుగోస్ వైరస్ 2019లో ఇక్కడి తోటల్లోనూ బయటపడింది. దశాబ్దాలుగా టమాటాను కాపాడిన నిరోధక జన్యువు దీని ముందు పనిచేయలేదు. చేతులు, కత్తులు, బట్టలు, ఏది దొరికితే దానికి అంటుకుని పాకుతుంది. ఎండిన చోట కూడా నెలల తరబడి చావదు.

ఆ మొండితనమంతా వైరస్ చుట్టూ ఉండే ప్రోటీన్ తొడుగులో ఉంది. దీని పెద్దన్న పొగాకు మొజాయిక్ వైరస్‌నే తీసుకోండి. జన్యు సమాచారం మోసే ఆర్‌ఎన్‌ఏ పోగు ఒకటి, దాదాపు 6,400 అక్షరాలది, దాని చుట్టూ ఒకే రకం ప్రోటీన్ ముక్కలు 2,130. అన్నీ మెలిపడి పేర్చుకుంటే 300 నానోమీటర్ల పొడవు, 18 నానోమీటర్ల మందం ఉన్న పుల్ల తయారవుతుంది. మా నాయనమ్మ అడ్డపొగ తాగే చుట్టలా ఉంటుంది, కాకపోతే నడిమధ్య బోలు. ఆర్‌ఎన్‌ఏ ఆ బోలులో ఉండదు, ప్రోటీన్ వరసల మధ్య ఇరుక్కుని ఉంటుంది. ఒక్కో ప్రోటీన్ సరిగ్గా మూడేసి అక్షరాలను పట్టుకుంటుంది. చుట్టడం కొస నుంచి మొదలవదు. ఒక కొసకు సుమారు వెయ్యి అక్షరాల దూరంలో ఆర్‌ఎన్‌ఏ మడతపడి ఉంటుంది, ప్రోటీన్ ముక్కలు కలిసి ఏర్పడే బిళ్ల మొదట ఆ మడతనే గుర్తుపట్టి పట్టుకుంటుంది. 1955లో ఫ్రేంకెల్-కాన్రాట్, విలియమ్స్ అనే శాస్త్రవేత్తలు విడదీసిన ప్రోటీన్‌ను, ఆర్‌ఎన్‌ఏను పరీక్షనాళికలో కలిపితే, అవి తమంతట తామే మళ్లీ వైరస్‌గా కూడుకున్నాయి, మొక్కకు సోకాయి కూడా. ఏ పనివాడూ లేకుండా ఇంత పొందికగా కట్టుకున్న గూడు తేలిగ్గా ఊడుతుందా? అందుకే ఇక్కడ చేతులకు అన్ని ఆంక్షలు. వైరస్ అంటకుండా వెన్న తీసిన పాలలో చేతులు ముంచే పద్ధతి కూడా ఉంది. ఫోనులో చెబితే అమ్మ నమ్మలేదు. తాగే పాలలోనా అంది.

మరి శ్రీకాకుళంలో వరి కోసిన మడుల్లో మినుముకు వచ్చే పల్లాకు తెగులు? దాని తొడుగు వేరు. రెండు గుండ్రటి గూళ్లు అతుక్కున్న కవల ఆకారం, 110 ప్రోటీన్లు, లోపల వలయంలా చుట్టుకున్న డీఎన్‌ఏ. జన్యు సమాచారం రెండు వలయాలుగా విడిపోయి ఉంటుంది, ఏ వలయానికి ఆ తొడుగే. రెండూ మొక్కకు చేరితేనే తెగులు. మోసుకొచ్చేది చెయ్యి కాదు, తెల్లదోమ. ఆ దోమ ఎక్కించుకోవాలో వద్దో తేల్చేది కూడా తొడుగే. ఇదే కుటుంబపు వైరస్ ఒకదానికి ప్రయోగశాలలో వేరే తొడుగు వేస్తే, దాన్ని మోసే పురుగే మారిపోయింది.

కాబట్టి మా నాన్న రోజుకు పదిసార్లు చేతులు కడుక్కున్నా మినుము ఆకు పసుపుబడక మానదు. దాన్ని శుభ్రత అలవాటు లేకపోవడం అనడమేమిటి? మా సూపర్‌వైజర్ విరామంలో చుట్టుకుని తాగే పొగాకులోనూ పొగాకు మొజాయిక్ వైరస్ చెక్కుచెదరకుండా ఉండగలదు. తర్వాత సబ్బుతో కడుక్కుంటాడు, అది నేనూ చూశాను. కానీ ఎవరూ అతని దేశం పేరెత్తలేదు.

తెల్లదోమ ఇక్కడా ఉంది. దాని కోసం పసుపు రంగు జిగురు అట్టలు వేలాడదీస్తారు, వాటి మీద పడిన దోమల్ని లెక్కపెట్టే పని నాదే. ఊళ్లో కూడా కట్టిద్దామని నాన్నతో అంటే, “గాజు గోడలు లేని చేనికి ఎన్ని అట్టలు కడతావురా, ముందు తెగులు తట్టుకునే విత్తనం దొరుకుతుందేమో కనుక్కో” అన్నారు.