బిర్యానీ పార్సిల్‌కి ఇరవై శాతమా?

మొన్న శుక్రవారం సాయంత్రం నాన్నని వెంటబెట్టుకుని ఇక్కడ అమెరికాలో, టెక్సస్‌లోని ఇర్వింగ్‌లో బిర్యానీ తేవడానికి వెళ్లాను. ఆయన తెనాలి నుంచి వచ్చి అప్పటికి పది రోజులైంది. రెండు చికెన్ బిర్యానీలు, ఒక చికెన్ 65 కలిపి 44.97 డాలర్లు, దాని మీద 8.25 శాతం టాక్సు, వెరసి 48.68. కార్డు తీస్తుంటే కౌంటర్లో అమ్మాయి టాబ్లెట్‌ని నా వైపు తిప్పి, "ఒక్కటి నొక్కండి అక్కా" అని మొహం పక్కకి తిప్పుకుంది. టిప్పు ఎంత శాతమో ఎంచుకోమని బటన్లు: 18, 20, 25. అడుగున చిన్న అక్షరాల్లో ‘నో టిప్’. నా వెనక ఇంకో నలుగురు. వేలు అలవాటుగా ఇరవై మీద పడింది.

కారెక్కాక నాన్న రసీదు చదివారు. ఆయనకి ఏ కాగితం దొరికినా చదవాల్సిందే.

"ఈ 9.74 ఏంటమ్మా?"

"టిప్పు నాన్నా."

"ఎవరు వడ్డించారు మనకి?"

నేనేం చెప్పలేదు. ఆయనే రూపాయల్లోకి మార్చుకుని, "ఎనిమిది వందల పైమాటే" అన్నారు. కాసేపాగి, "అయితే ఇది మామూలు అన్నమాట. పని కాకముందే ఇచ్చేది" అన్నారు. నవ్వాను గానీ ఆ మాట గుచ్చుకుంది. నిజమే కదా, సంచి చేతికి రాకముందే ఇచ్చేశాను. అందులో రైతా ఉందో లేదో కూడా తెలీదు. పైగా ఆ ఇరవై శాతం టాక్సు కలిపిన మొత్తం మీద కట్టారు. తిండి మీద మాత్రమే కడితే 8.99 అయ్యేది.

నేను సమాధానం చెప్పలేకపోవడానికి ఇంకో కారణం ఉంది. ఒకప్పుడు ఆ కౌంటర్ వెనక నిలబడ్డదాన్ని నేనే. 2016లో హెచ్4 అనే డిపెండెంట్ వీసా మీద వర్క్ పర్మిట్ వచ్చిన కొత్తలో, ఆఫీసు ఉద్యోగం దొరికేలోపు, ఏడు నెలలు శుక్ర శని ఆదివారాలు ఒక రెస్టారెంట్‌లో పార్సిళ్లు కట్టాను. గంటకి ఎనిమిది డాలర్లు.

పార్సిల్‌లో ఏముంది, డబ్బాలో పోసి ఇవ్వడమేగా అనుకునేవాళ్లకి ఒక శుక్రవారం రాత్రి ఏడు నుంచి తొమ్మిది దాకా అక్కడ నిలబడమని చెప్తాను. బిర్యానీ డబ్బాలో ముక్కలు అడుక్కి పోకుండా, పైనే తేలకుండా సర్దాలి. సాలన్ కప్పు మూత ఎంత నొక్కినా కారుతుంది, అందుకని పైన ప్లాస్టిక్ చుట్టాలి. రైతా, ఉల్లిపాయ, నిమ్మకాయ ముక్క. దోసె డబ్బా మూత బిగిస్తే ఆవిరికి మెత్తబడి పోతుంది, కొంచెం తెరిచి పెట్టాలి. ఈలోపు ఫోన్ మోగుతుంది. "కారం తక్కువ వెయ్యమ్మా, పిల్లలకి." ఇంకొకాయన "లెగ్ పీస్ చూసి వెయ్యి". ఒకావిడ నేను రైతా పెట్టడం మర్చిపోయానని ఇరవై ఐదు నిమిషాలు కారు నడుపుకుని వెనక్కొచ్చింది. ఆ రైతా ఖరీదు డాలర్ కూడా ఉండదు, ఆవిడ చూపు మాత్రం ఇప్పటికీ గుర్తు.

అంత చేసినా, అప్పట్లో కార్డు మీద పడ్డ టిప్పు నా దాకా వచ్చేది కాదు. "అది ఖర్చులకి పోతుందమ్మా" అనేవాడు యజమాని. కౌంటర్ మీద టిప్పుల డబ్బాలో నోట్లు వేస్తే అవి మాత్రం ముగ్గురం పంచుకునేవాళ్లం. 2018లో కేంద్ర చట్టం మార్చి, యజమానులు గానీ మేనేజర్లు గానీ పనివాళ్ల టిప్పుల్లో వాటా తీసుకోకూడదని స్పష్టంగా రాశారు. అయినా నాకు ఇంకా చేతికి నోటు ఇస్తేనే తృప్తి.

టేబుల్ దగ్గర వడ్డించేవాళ్ల సంగతి వేరు. కేంద్ర చట్టం ప్రకారం వాళ్లకి యజమాని గంటకి 2.13 డాలర్లు ఇస్తే చాలు. 1991 నుంచీ అదే అంకె, టెక్సస్‌లోనూ అంతే. టిప్పులతో కలిపి కేంద్ర కనీస వేతనం 7.25కి చేరకపోతే తక్కువైనది యజమాని పూరించాలి. అంటే అక్కడ టిప్పు అసలు జీతంలో భాగం, ఎగ్గొడితే వాళ్ల కూలి ఎగ్గొట్టినట్టే. కాలిఫోర్నియా, వాషింగ్టన్ రాష్ట్రాల్లో ఈ తక్కువ జీతం పద్ధతి లేదు. పార్సిల్ కౌంటర్లో ఉండేవాళ్లకి చాలాచోట్ల మామూలు గంట జీతమే ఇస్తారు. కొన్నిచోట్ల మాత్రం వడ్డించేవాళ్లే మధ్యలో వచ్చి పార్సిల్ కూడా చూస్తారు, అప్పుడు ఆ కాసేపూ వాళ్ల టేబుళ్ల మీద వచ్చేది పోతుంది. బయట నుంచి చూస్తే మనకి తెలీదు.

2020లో కోవిడ్ అప్పుడు అందరం ధారాళంగా ఇచ్చాం. మాస్కులు వేసుకుని వాళ్లు కారు దాకా తెచ్చి పెడుతుంటే ఎవరికి మాత్రం చెయ్యి రాదు? ఆ జబ్బు తగ్గింది గానీ ఆ బటన్లు తగ్గలేదు. 2023లో ప్యూ రీసెర్చ్ అనే సంస్థ అమెరికాలో సర్వే చేస్తే, ఐదేళ్ల కిందటికంటే ఇప్పుడు ఎక్కువ చోట్ల టిప్పు ఆశిస్తున్నారని 72 శాతం మంది అన్నారట. నాన్నకి పెరుగు ఐస్‌క్రీమ్ తినిపిద్దామని తీసుకెళ్తే, మనమే కప్పులో పట్టుకుని, మనమే పైన పళ్లు వేసుకుని, మనమే తూకంలో పెట్టాక ఆ మెషిన్ కూడా అడిగింది. "ఇది మనకే ఇవ్వాలమ్మా" అన్నారు. అక్కడ మాత్రం ‘నో టిప్’ నొక్కాను, వెనక ఎవరూ లేరు కాబట్టి.

అసలు నాకు మింగుడు పడనిది శాతం. పదహారు డాలర్ల చికెన్ బిర్యానీ, ఇరవై డాలర్ల మటన్ బిర్యానీ అదే డబ్బాలో, అదే రైతాతో, అదే సంచిలో వస్తాయి. మటన్‌కి టిప్పు ఎక్కువెందుకు? అందుకే ఒకటి రెండు డబ్బాలైతే ఒకటో రెండో డాలర్లు నోటు రూపంలో ఇద్దామనుకున్నాను. కారు దాకా తెచ్చినా, పదిరకాలు మార్పులు చెప్పినా ఐదు. పండగలకి ట్రేలు చెప్తే పది శాతం. బిల్లులో ముందే సర్వీస్ ఛార్జ్ వేసి ఉంటే ఇంకేం ఇవ్వను. ఇదేం శాస్త్రం కాదు, నా లెక్క.

నా లెక్క వింటూ నాన్న తెనాలి బోసు రోడ్డు దగ్గర పార్సిల్ కట్టే అబ్బాయి సంగతి చెప్పారు. రోజూ ఇడ్లీలు ఆకులో చుట్టి, చట్నీ కవర్‌కి దారం బిగించి ఇచ్చేవాడు. నాన్న వాడికి రోజూ పైసా ఇచ్చేవారు కాదు. సంక్రాంతికి మాత్రం చొక్కా గుడ్డ. "వాడు నాకెప్పుడూ చట్నీ తక్కువ వెయ్యలేదు" అన్నారు గర్వంగా.

గత ఆదివారం ఇంట్లో సత్యనారాయణ వ్రతం. పులిహోర ఒక ట్రే, కూర ఒక ట్రే, 140 డాలర్లు. లోపలి నుంచి ఒక మెక్సికన్ కుర్రాడు రెండూ ఒకదాని మీద ఒకటి పెట్టుకుని, ఆ ఎండలో పార్కింగ్ చివరిదాకా మోసుకొచ్చి, వెనక సీటు కింద కదలకుండా అట్ట కూడా అడ్డం పెట్టాడు. పర్సులో పది నోటు ఒక్కటే ఉంది. అదే ఇచ్చాను.

సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు నాన్న అన్నారు, "పది శాతమంటే పద్నాలుగు కదమ్మా?"

వెనక్కి తిప్పనా అన్నాను.

"వద్దులే, పంతులుగారు వచ్చేసుంటారు. వచ్చేసారి ఆ నాలుగూ కలిపి ఇవ్వు."