ఒక గడియ తీరిక

తీరిక అనే మాటకు మూలం ‘తీరు’ అనే క్రియ. పని తీరాక దొరికేది కనుక అది తీరిక అయింది. నేను చాలా ఏళ్లపాటు ఈ వరుసనే నమ్ముకుని బతికాను. ముందు ఉద్యోగం పనీ ఇంటి పనీ తీరాలి, ఆ తరువాత నాకంటూ కొంత సమయం మిగులుతుంది, అప్పుడు ఎప్పుడో వదిలేసిన బొమ్మలు వేయడం మళ్లీ మొదలుపెట్టవచ్చు అనుకున్నాను. పనులు తీరలేదు. అవి తీరేవి కావని గ్రహించడానికి నాకు నలభయ్యో ఏడు రావలసి వచ్చింది. ఉతికిన బట్టలు మడతపెట్టే లోపు మాసినవి మళ్లీ పోగుపడతాయి. ఒక ఈమెయిలుకు జవాబిస్తే ఆ జవాబుకు మరో జవాబు వస్తుంది. ‘క్షణం తీరిక లేదు, దమ్మిడీ ఆదాయం లేదు’ అన్న సామెతలో ఆదాయం సంగతి ఎలా ఉన్నా, మొదటి సగం మాత్రం నన్ను చూసే పుట్టిందనిపించేది.

సమయం ఎక్కడికి పోతున్నదో తేల్చుకోవాలని ఒక వారం పాటు చిన్న నోటు పుస్తకంలో ప్రతి అరగంటకూ ఏం చేశానో రాసుకున్నాను. వారానికి 168 గంటలు. అందులో నిద్రకు 47, ఉద్యోగానికి 46, రాకపోకలకు 8, ఇంటి పనికీ పాప పనులకూ కలిపి 27, స్నానం, భోజనం వంటివాటికి 14 గంటలు పోయాయి. కూడితే 142. అంటే 26 గంటలు మిగలాలి. అన్ని గంటలు ఖాళీగా ఉన్నానంటే మొదట నాకు నమ్మకం కలగలేదు, కొంత కోపం కూడా వచ్చింది. నా రాత ప్రకారం వాటిలో ఫోను చూసినవి 9 గంటలు. అయితే ఫోను తన లెక్క తానే రాసుకుంటుంది కదా, అది 15 అని చూపించింది. నోటు పుస్తకంలో కూడా నేను నాకే అబద్ధం చెప్పుకున్నానన్నమాట.

ఫోను తెరకు అడుగు ఉండదు. వేలితో పైకి తోస్తున్న కొద్దీ కొత్త విషయాలు వస్తూనే ఉండే ఆ పద్ధతిని 2006లో రూపొందించిన ఏజా రాస్కిన్, తరువాతి కాలంలో దాని గురించి బహిరంగంగానే పశ్చాత్తాపపడ్డారు. పుస్తకంలో అధ్యాయం ముగిసినప్పుడు మనిషి ఒక్క క్షణం తలెత్తి, ఇక చాలా, ఇంకా చదవాలా అని ఆలోచిస్తాడు. ఆ క్షణాన్నే తీసివేశారు.

ఫోను పోగా మిగిలిన 11 గంటలే నన్ను ఎక్కువ ఆలోచింపజేశాయి. వాటిలో ఏ ఒక్క ముక్కా పావుగంట దాటలేదు. వాషింగ్ మెషీన్ ఆగే లోపు పది నిమిషాలు, మీటింగు మొదలయ్యే లోపు ఏడు నిమిషాలు, పాప హోంవర్క్ పూర్తిచేసే లోపు పన్నెండు నిమిషాలు, అన్నీ ఇలాంటివే. ఒక పని పూర్తికాకుండానే మరో పనికి మారినప్పుడు ధ్యాసలో కొంత భాగం మొదటి పనినే అంటిపెట్టుకుని ఉంటుందని, దానివల్ల రెండో పని సరిగా సాగదని సోఫీ లెరాయ్ అనే పరిశోధకురాలు 2009లో వివరించారు. మెషీన్ చప్పుడు ఎప్పుడు ఆగుతుందా అని ఒక చెవి అటు పెట్టి గీసే గీతలో జీవం ఎక్కడ ఉంటుంది? ఇటువంటి ముక్కలను ఎన్ని గంటలు కూడినా తీరిక కాదు. నాకు కావలసింది ఎక్కువ సమయం కాదని, ఎవరూ పగలగొట్టని ఒక్క ముక్క అని అప్పుడు తోచింది.

పనులు త్వరగా ముగిస్తే అటువంటి ముక్క దానంతట అదే వస్తుందనుకోవడానికి లేదు. జోఆన్ వానెక్ అనే సామాజిక శాస్త్రవేత్త 1974లో అమెరికా కుటుంబాల లెక్కలు పరిశీలించినప్పుడు, బయట ఉద్యోగం చేయని గృహిణులు 1920లలో ఇంటి పనికి వారానికి సుమారు 52 గంటలు వెచ్చిస్తుంటే, ఇంటి నిండా యంత్రాలు వచ్చిన 1960లలో అది 55 గంటలు అయిందని తేలింది. బట్టలు ఉతకడం తేలికైన కొద్దీ రోజూ ఉతికిన బట్టలే వేసుకోవాలన్న పట్టింపు పెరిగింది. ఇచ్చిన సమయమంతా నిండేదాకా పని పెరుగుతూనే ఉంటుందని 1955లో బ్రిటిష్ చరిత్రకారుడు పార్కిన్‌సన్ వ్యంగ్యంగా రాశారు. ఆయన ఉద్దేశించింది ప్రభుత్వ కార్యాలయాలను, కాని మా వంటగది గట్టు తుడిచే పనికి కూడా అది అక్షరాలా వర్తిస్తుంది.

అందుకని వరుస తిరగవేశాను. పని తీరకముందే తీరిక తీసుకోవాలని నిర్ణయించుకుని, ఎంత అన్న ప్రశ్నకు జవాబును మన మాటల్లోనే వెదికాను. ‘గడియ తీరిక లేదు’ అని అందరమూ అంటాం. గడియ అంటే 24 నిమిషాలు, రోజుకు 60 గడియలు. అరవైలో ఒకటి నాది అని అడిగితే అత్యాశ అనేవారు ఉండరనుకున్నాను.

మొదట ఆ గడియను రాత్రికి పెట్టుకుని దెబ్బతిన్నాను. పగలంతా ఇతరుల చేతిలో ఉన్న సమయానికి పరిహారంగా, అందరూ పడుకున్నాక, నిద్ర ముంచుకొస్తున్నా పడుకోకుండా ఫోను పట్టుకుని కూర్చునే అలవాటు నాకు ముందే ఉంది. నిద్రను ఇలా వాయిదా వేయడాన్ని నెదర్లాండ్స్ పరిశోధకులు 2014లో ప్రత్యేకంగా పేరు పెట్టి అధ్యయనం చేశారు. పెద్దలకు రోజుకు కనీసం 7 గంటల నిద్ర అవసరమని వైద్యులు చెబుతారు; నా 47 గంటలను ఏడు రోజులకు పంచితే అది అప్పటికే తక్కువ. తెల్లవారుజామున నాలుగింటికే లేచి సమయం సంపాదించమని చెప్పేవారి మీద నాకు గౌరవం లేకపోలేదు గాని, రాత్రి ఎన్నింటికి పడుకుంటారో కూడా వారు చెబితే బాగుంటుంది.

చివరికి గడియ దొరికింది ఉదయం పూట. పాప బడికి వెళ్లాక, నేను ఆఫీసుకు బయలుదేరే లోపు 40 నిమిషాలు ఉంటాయి. అంతకాలమూ ఆ 40 నిమిషాలూ ఇల్లు సర్దడానికే సరిపోయేవి. ఇప్పుడు ముందు 24 నిమిషాలు బొమ్మలకు, మిగిలిన 16 నిమిషాలు ఇంటికి. విచిత్రమేమిటంటే ఇల్లు దాదాపు ముందు ఉన్నట్లే ఉంది.

ఇంటిలో మరో సర్దుబాటు కూడా చేయవలసి వచ్చింది, అది ఇంత తేలికగా జరగలేదు. మావారు పని తప్పించుకునే మనిషి కారు. “చెప్పి ఉంటే చేసేవాణ్ణి కదా” అనేవారు, నిజంగానే చేసేవారు కూడా. అయితే ఏ పని ఎప్పుడు చేయాలో గుర్తుపెట్టుకోవడం, చెప్పడం, అయిందో లేదో చూసుకోవడం నా వంతుగానే ఉండిపోయేది. నా నోటు పుస్తకంలో ఆ పనికి గడి కూడా లేదు. కొంత వాదన జరిగాక, పాప బడికి సంబంధించిన సందేశాలు, ఫీజులు, తేదీలు అన్నీ పూర్తిగా ఆయనకే అప్పగించి, నా ఫోనును ఆ గ్రూపు నుంచి తొలగించుకున్నాను. రెండో వారంలోనే పాప డ్రాయింగ్ షీటు లేకుండా బడికి వెళ్లింది. కొంపలేమీ మునిగిపోలేదు; మరుసటి రోజు నుంచి ఆయన గోడ మీది క్యాలెండరులో రాసుకోవడం మొదలుపెట్టారు. నోరు కట్టేసుకుని ఉండడమే ఆ పక్షం రోజుల్లో నేను చేసిన అతి కష్టమైన పని.

ఇదంతా తమ వేళలు కొంతైనా తమ చేతిలో ఉన్నవారికే పనికివస్తుందని నాకు తెలుసు. రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటలు అన్న పరిమితిని 1919లో అంతర్జాతీయ కార్మిక సంస్థ తన మొదటి ఒప్పందంలోనే చేర్చిందంటే, దాని వెనుక ఉన్నది దశాబ్దాల కార్మిక పోరాటమే గాని ఎవరి నోటు పుస్తకమూ కాదు. పనివేళల తరువాత ఆఫీసు సందేశాలకు దూరంగా ఉండే హక్కు ఫ్రాన్సులో 2017 జనవరి నుంచి అమలులోకి వచ్చింది కూడా చట్టం వల్లనే. రెండు ఉద్యోగాలు చేసే మనిషికి గడియల లెక్క చెప్పే ధైర్యం నాకు లేదు.

మొదటి వారం గడియ దొరికినా దానితో ఏం చేయాలో తోచలేదు. పెన్సిల్ చెక్కుతూ సగం గడిపాను. చేయి ఫోను కోసం జేబు తడుముతుంటే దాన్ని పక్క గదిలో పెట్టడం అలవాటు చేసుకున్నాను. పోయిన నెల 30 రోజుల్లో 19 రోజులు గడియ దక్కింది. మిగిలిన రోజుల్లో పాపకు జ్వరం, ఆఫీసులో ముందస్తు మీటింగు, రెండు రోజులు ఉత్త బద్ధకం. ఈ ఉదయం కుర్చీ మీద కుప్పగా పడి ఉన్న, ఇంకా మడతపెట్టని బట్టలనే బొమ్మ వేయడానికి కూర్చున్నాను. ముడతల మధ్య నీడలు పట్టడం నేననుకున్నంత తేలిక కాలేదు, సగంలోనే సమయం అయిపోయింది. రేపటి దాకా ఆ కుప్పను ఎవరూ ముట్టుకోవద్దని ఇంట్లో చెప్పి వచ్చాను.