కిండర్‌గార్టెన్ పాపకి ఫస్ట్ గ్రేడ్ రీడింగ్: టెక్సస్‌లో మా అనుభవం

మా పాపకి చదవడం ముందే వచ్చేసిందని, కిండర్‌గార్టెన్‌లో తనకి చేయడానికి పెద్దగా పనేమీ లేదని ఫోన్లో చెప్తే మా నాన్న ఒక్క మాటలో తేల్చేశారు: "డబుల్ ప్రమోషన్ ఇప్పించెయ్యండి." తెనాలి దగ్గర పల్లెటూరి ఎలిమెంటరీ స్కూల్లో ఆయనకి అలాగే జరిగింది. మూడో తరగతిలో ఉండగా హెడ్‌మాస్టరుగారు పిలిచి, నాలుగు లెక్కలు చేయించి, ఎక్కాలు ఒప్పజెప్పించుకుని, ఆ తర్వాతి ఏడు తీసుకెళ్ళి అయిదో తరగతిలో కూర్చోబెట్టారు. వయసు చాలకపోతే రిజిస్టర్లో పుట్టినతేదీ కూడా ఆయనే సర్దేశారు. అందుకే మా నాన్న అసలు వయసు కన్నా ఒక ఏడాది ముందే రిటైరయ్యారు, ఇప్పటికీ ఆ జీతం లెక్కేసుకుంటూ ఉంటారు.

డాలస్‌కి ఉత్తరాన మేముండే ఊళ్ళో ఈ పని ఒక్క హెడ్‌మాస్టరు చేతిలో లేదు. టీచరు, కౌన్సెలరు, చదువులో ముందున్న పిల్లల కోసం పెట్టిన గిఫ్టెడ్ ప్రోగ్రాం చూసే స్పెషలిస్టు, అసిస్టెంట్ ప్రిన్సిపల్, అందరూ ఒక బల్ల చుట్టూ కూర్చోవాలి. కూర్చోబెట్టడానికే సగం సెమిస్టరు పట్టింది.

ముందు మా ఇంటి సంగతి చెప్పాలి. టెక్సస్‌లో సెప్టెంబరు 1 నాటికి అయిదేళ్ళు నిండితేనే కిండర్‌గార్టెన్. పాప జూలైలో పుట్టింది కాబట్టి క్లాసులో చిన్నపిల్లల్లో ఒకతె. వాళ్ళన్న అక్టోబరు పిల్లాడు, తన క్లాసులో పెద్దవాళ్ళలో ఒకడు. వయసులో దాదాపు రెండేళ్ళ తేడా ఉన్నా తరగతిలో తేడా ఒక్కటే: వాడు ఫస్ట్ గ్రేడ్. పాప చదవడం నేర్చుకున్నది కూడా వాడి భుజం మీదుగా చూసే. వాడికి నేను చదివిస్తుంటే ఇది వెనకనుంచి అందించేది.

అడ్మిషన్ కాగితాల దగ్గరే ఒక చిన్న తలనొప్పి. హోమ్ లాంగ్వేజ్ సర్వే అని ఒకటుంటుంది. ఇంట్లో ఏ భాష మాట్లాడతారు, పిల్ల ఏ భాష మాట్లాడుతుంది అని అడుగుతారు. ఇంగ్లీషు కాకుండా ఏది రాసినా పిల్లకి ఇంగ్లీషు వచ్చో రాదో పరీక్ష పెడతారు. "ఇంగ్లీషని రాసి పడేయండి, లేకపోతే ఈఎస్‌ఎల్‌లో (ఇంగ్లీషు సరిగ్గా రాని పిల్లల క్లాసులో) వేస్తారు" అని మా వాట్సాప్ గ్రూపు ఉవాచ. మా ఇంట్లో మాట్లాడేది తెలుగు, తెలుగనే రాశాం. పరీక్ష పెట్టారు, పాస్ అయింది, దాని గొడవ అక్కడితో సరి. ఇంతోటిదానికి అబద్ధం రాయడం ఎందుకో నాకు అర్థం కాదు.

సెప్టెంబరు వచ్చేసరికి ఒక విషయం కనిపెట్టాను. పాప స్కూలు బాగాలేదని ఎప్పుడూ అనలేదు. ఏడవలేదు, మారాం చేయలేదు. కానీ ఇంట్లో పుస్తకం తీస్తే వేలు పెట్టి, ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ చదవడం మొదలుపెట్టింది. ఎండాకాలం సెలవుల్లో పేజీలకి పేజీలు గడగడా చదివిన పిల్ల! ఎందుకలా అని అడిగితే, "స్కూల్లో ఇలాగే చదవాలమ్మా" అంది. అల్లరి చేసే పిల్లని టీచరు గమనిస్తుంది. సర్దుకుపోయే పిల్లని ఎవరు గమనిస్తారు? నాకు దిగులు పుట్టింది అక్కడ.

మొదట్లో పెట్టే పరీక్షల గురించి కాస్త చెప్పాలి, ఎందుకంటే మన గ్రూపుల్లో వీటిమీద పుకార్లు ఎక్కువ. ఏడాది మొదట్లో మా స్కూల్లో టీఎక్స్-కేఈఏ పెట్టారు. అది పిల్ల బడికి సిద్ధంగా ఉందో లేదో చూసే పరీక్ష. అన్నీ వచ్చిన పిల్లని 'పర్వాలేదు' అనడంతో దాని పని అయిపోతుంది, ఎంతవరకు వచ్చో చెప్పదు. మా స్కూల్ డిస్ట్రిక్టులో, అంటే మా ఊరి బళ్ళన్నీ నడిపే సంస్థలో, దాంతోపాటు మ్యాప్ గ్రోత్ అనే పరీక్ష కూడా ఉంది. కంప్యూటర్ మీద రాస్తారు. జవాబు సరైతే తర్వాతి ప్రశ్న కష్టంగా వస్తుంది, తప్పైతే తేలిగ్గా వస్తుంది. దేశం మొత్తమ్మీద తీసిన 2020 నార్మ్స్ ప్రకారం రీడింగ్ సగటు స్కోరు కిండర్‌గార్టెన్ మొదట్లో సుమారు 137, ఫస్ట్ గ్రేడ్ మొదట్లో 156, సెకండ్ గ్రేడ్ మొదట్లో 172. పాపకి 174 వచ్చింది. మ్యాథ్స్‌లో ఫస్ట్ గ్రేడ్ మొదట్లో ఉండే సగటుకి కాస్త అటూ ఇటూగా వచ్చింది.

ఆ కాగితం చూసి మా ఆయన "సెకండ్ గ్రేడ్ అన్నమాట" అని సంబరపడిపోయారు. అంత సూటిగా లేదు లెక్క. కిండర్‌గార్టెన్ వాళ్ళు రాసే వెర్షన్‌లో ప్రశ్నల్ని హెడ్‌ఫోన్లలో చదివి వినిపిస్తారు. సెకండ్ గ్రేడ్ పిల్లలు చాలాచోట్ల తామే చదువుకుని రాసే పై వెర్షన్ రాస్తారు. రెండింటి స్కోరూ ఒకే స్కేలు మీద ఉన్నా, ఇది విని చెప్పిన 174. ఈ సంగతి పాప టీచరే ఓపిగ్గా వివరించారు.

ఆ టీచరు మంచావిడే. అయినా అక్టోబరు కాన్ఫరెన్సులో నేను విషయం ఎత్తగానే ఆవిడ నోట వచ్చిన మొదటి మాట: "థర్డ్ గ్రేడ్‌కి వచ్చేసరికి అందరూ సమానమైపోతారు." ఈ మాట ఈ దేశంలో పిల్లల తల్లిదండ్రులు వినని చోటు ఉండదు. సమానం ఎలా అవుతారో నేను అడిగాను. వెనకున్నవాళ్ళు ముందుకి రావడం వల్లా, ముందున్నవాళ్ళకి మూడేళ్ళు ఏమీ చెప్పకపోవడం వల్లా? ఆవిడ నవ్వేశారు కానీ జవాబు చెప్పలేదు. అయినా ఆవిడ్ని తప్పుపట్టలేను. ఆ గదిలో 22 మంది, కిండర్‌గార్టెన్ నుంచి ఫోర్త్ గ్రేడ్ దాకా టెక్సస్‌లో ఒక సెక్షన్‌కి చట్టం పెట్టిన పరిమితి అదే. అందులో అక్షరాలు ఇంకా పట్టుబడనివాళ్ళూ ఉన్నారు.

తర్వాత అసిస్టెంట్ ప్రిన్సిపల్‌కి ఈమెయిల్ పెట్టాను. ఆవిడ వెనక్కి అడిగింది ఒకటే: "పాప బయట ఏవైనా క్లాసులకి వెళ్తోందా?" ఆ ప్రశ్న ఎక్కడినుంచి వచ్చిందో మనకి తెలుసు. మా చుట్టుపక్కల తెలుగు, తమిళ, చైనా కుటుంబాల్లో నాలుగేళ్ళకే వర్క్‌షీట్ల ట్యూషన్‌లో చేర్పించి, స్కూలుకొచ్చి పిల్ల అడ్వాన్స్‌డ్ అనే తల్లిదండ్రుల్ని ఆవిడ ఎంతమందిని చూసి ఉంటుందో. మనసు చివుక్కుమంది, కానీ ప్రశ్నలో న్యాయం ఉంది. రుద్ది నేర్పించింది వేరు, దానంతటది వచ్చింది వేరు. తేడా చూపించాల్సింది నేనే.

అందుకని మీటింగ్‌కి సర్టిఫికెట్లూ వర్క్‌బుక్కులూ ఏవీ పట్టుకెళ్ళలేదు. లైబ్రరీలో పాప ఎప్పుడూ చూడని పుస్తకం ఒకటి తీసి, ఒక పేజీ చదివించి, కథేమిటో తన మాటల్లో చెప్పమని ఫోన్లో వీడియో తీశాను. దాంతోపాటు తన చేత్తో రాసిన కాగితాలు తీసుకెళ్ళాను. ఆ రాత మాత్రం అచ్చంగా అయిదేళ్ళ పిల్ల రాతే. ఒక వాక్యానికి లైను సగం కిందకి జారిపోతుంది, ఎస్ తిరగబడుతుంది. చదువు ఒకచోట, చెయ్యి ఇంకోచోట ఉన్నాయని దాచకుండా చూపించడమే మాకు అన్నిటికన్నా ఎక్కువ పనికొచ్చింది. అప్పటిదాకా కుర్చీలో వెనక్కి వాలి కూర్చున్న గిఫ్టెడ్ స్పెషలిస్టు ఆ రెండూ పక్కపక్కన చూశాక ముందుకి జరిగారు.

బల్ల మీదకి వచ్చిన దారులు ఇవీ. ఉన్న క్లాసులోనే వేరే పని ఇవ్వడం ఒకటి. గిఫ్టెడ్ ప్రోగ్రాం మరొకటి, కానీ మా దగ్గర కిండర్‌గార్టెన్ పిల్లలకి పరీక్ష పెట్టి, సర్వీసులు మొదలుపెట్టేసరికి మార్చి వస్తుంది, అదీ వారానికి కొద్దిసేపు. మూడోది మా నాన్న చెప్పిన డబుల్ ప్రమోషన్.

దానికి టెక్సస్‌లో పద్ధతి రాసిపెట్టి ఉంది. ఫస్ట్ గ్రేడ్ నుంచి ఫిఫ్త్ దాకా ఒక తరగతి దాటాలంటే దాటబోయే తరగతికి క్రెడిట్ బై ఎగ్జామ్, అంటే ఆ తరగతి పాఠాలు ముందే వచ్చని చూపించే పరీక్ష, రాయాలి. లాంగ్వేజ్ ఆర్ట్స్, మ్యాథ్స్, సైన్స్, సోషల్ స్టడీస్, నాలుగింటిలో ఒక్కోదాంట్లో 80 శాతం రావాలి. డిస్ట్రిక్టు ప్రతినిధి సిఫార్సు చేయాలి, తల్లిదండ్రులు రాతపూర్వకంగా ఒప్పుకోవాలి. కిండర్‌గార్టెన్ దాటించడానికి మాత్రం ఏ డిస్ట్రిక్టు పద్ధతి దానిది, బోర్డు ఆమోదించి ఉండాలి. మన పిల్లలు తట్టుకుని పడేది మ్యాథ్స్ దగ్గర కాదు. ఫస్ట్ గ్రేడ్ మ్యాథ్స్ అంటే 120 దాకా అంకెలు, అది సర్దుకోవచ్చు. కానీ సోషల్‌లో టెక్సస్ చరిత్ర వస్తుంది: శామ్ హ్యూస్టన్ ఎవరు, అలామో ఏమిటి? మా పాపకి అలామో అంటే ఎయిర్‌పోర్ట్‌లో కారు అద్దెకిచ్చేవాళ్ళు.

ఆ దారి మూసేసింది పరీక్ష కాదు, కౌన్సెలరు. ఆవిడ పిల్లని తరగతి దాటించాలా వద్దా తేల్చడానికి వాడే అయోవా యాక్సిలరేషన్ స్కేల్ ప్రశ్నావళి ముందు పెట్టుకుని, మొదట్లోనే ఆపేసే అంశాలు కొన్ని ఉన్నాయన్నారు. పిల్లకే ఇష్టం లేకపోతే వద్దు. తోబుట్టువు ఉన్న తరగతిలోకి అయితే వద్దు. ఇప్పుడు ఫస్ట్ గ్రేడ్‌లోకి పంపినా, వచ్చే ఏడు సెకండ్‌లోకి దాటించినా, పాప వాళ్ళన్న తరగతిలోనే పడుతుంది. ఎంత ముందున్న పిల్లకైనా ఆ ఒక్క కారణం చాలని ఆవిడ అన్నారు. మా వాడు మామూలుగా చదివే పిల్లాడు, మంచి పిల్లాడు. జీవితాంతం చెల్లెలితో పోల్చి చూపించే ఏర్పాటు మేమే చేసిపెడితే ఎలా? మా ఆయన ఇంకేం మాట్లాడలేదు. నాన్నకి చెప్తే ఆయనా కాసేపు ఊరుకుని, "అయిదో తరగతిలో కబడ్డీకి నన్నెవరూ జట్టులో వేసుకోలేదులే, లెక్క చూడ్డానికి నిలబెట్టేవాళ్ళు" అన్నారు. ఇన్నేళ్ళలో ఈ ముక్క ఎప్పుడూ చెప్పలేదు!

నాలుగోది నేను అడిగింది: పాప కిండర్‌గార్టెన్‌లోనే ఉంటుంది, రీడింగ్ సమయానికి మాత్రం ఫస్ట్ గ్రేడ్‌కి వెళ్తుంది. టెక్సస్ ఎడ్యుకేషన్ కోడ్ 26.003 ప్రకారం పిల్లని పై తరగతి పాఠానికి పంపమని అడిగే హక్కు తల్లిదండ్రులకి ఉంది, కారణం లేకుండా కాదనకూడదు. అందులో 'క్రెడిట్ కోసం' అన్న మాట ఉండబట్టి కిండర్‌గార్టెన్‌కి అది నేరుగా వర్తిస్తుందని వాదించలేం. నేనూ వాదించలేదు. ఈమెయిల్ చివర ఒక్క వాక్యంలో ప్రస్తావించి వదిలేశాను. లాయరు భాషతో మొదలుపెడితే అవతలివాళ్ళు కూడా లాయర్లైపోతారు.

ఒప్పుకున్నారు, ఆరు వారాలు చూద్దామని. అసలు కష్టం టైమ్‌టేబుల్ దగ్గర. ఫస్ట్ గ్రేడ్ రీడింగ్ జరిగేటప్పుడు కిండర్‌గార్టెన్ వాళ్ళకి రిసెస్. ఆట మానిపించి చదివించడానికి నేను ససేమిరా అన్నాను. చివరికి జనవరిలో టైమ్‌టేబుల్ మారినప్పుడు, సెంటర్స్ (పిల్లలు చిన్న గుంపులుగా ఎవరి పని వాళ్ళు చేసుకునే) సమయానికి పడేలా ఒక సెక్షన్ కుదిరింది. వాళ్ళన్న సెక్షన్ కాదు, అది ముందే అడిగాను. వెళ్ళేది రీడింగ్ గ్రూపుకి మాత్రమే, రాత పనికి మళ్ళీ తన గదికి వచ్చేయాలి.

కౌన్సెలరు మీటింగ్‌లో ఒక ప్రశ్న అడిగారు: "తనకి రానిది ఎదురైతే పాప ఏం చేస్తుంది?" మా దగ్గర జవాబు లేదు, అలాంటి సందర్భం మేం చూడలేదు. మొదటి వారంలోనే చూశాం. ఒక పదం దగ్గర ఆగిపోయి, పుస్తకం మూసేసి, ఇక తియ్యనంది. ఫస్ట్ గ్రేడ్ టీచరు బతిమాలలేదు, పక్క పిల్లలు అదే పదం దగ్గర తడబడుతుంటే విననిచ్చారు. కొన్నాళ్ళకి ఇంటికొచ్చి "ఇవాళ ముగ్గురం తప్పు చెప్పాం" అని పండగలా చెప్పింది. ఇంట్లో వేలు పెట్టి చదవడం ఎప్పుడు పోయిందో గమనించనే లేదు.

గిఫ్టెడ్ పరీక్షకి కాగ్యాట్ అనే ఆలోచనాశక్తి పరీక్ష పెట్టారు. ఈ వయసుకి అంతా బొమ్మలే, ప్రశ్న టీచరు చదువుతారు. దీనికి మా ఊళ్ళో కోచింగులున్నాయి, అయిదేళ్ళ పిల్లలకి! మేం బబుల్ నింపడం ఒక్కటీ నేర్పి పంపాం. వెర్బల్‌లో బాగా వచ్చింది, క్వాంటిటేటివ్‌లో మామూలుగా. ప్రోగ్రాంలో తీసుకున్నారు. పజిల్స్ అవీ చేయిస్తారు, పాపకి సరదాగానే ఉంది, కానీ రోజూ జరిగే రీడింగ్‌తో దానికి పోలిక లేదు.

ఏప్రిల్‌లో మళ్ళీ వెళ్ళాను, ఎండాకాలంలో వచ్చే ఏడాది ఫస్ట్ గ్రేడ్ సెక్షన్లు వేసేలోపే అడగాలి కాబట్టి. పాపలాంటి పిల్లలు నలుగురైదుగురు ఉన్న సెక్షన్‌లో వేయమని అడిగాం, మ్యాథ్స్ ఆ గదిలోనే చూసుకుంటామన్నారు. రీడింగ్‌కి ఈసారి సెకండ్ గ్రేడ్‌కి వెళ్ళాలి, వాళ్ళన్న ఉండేదీ అదే. "వేరే సెక్షన్" అని నేను నోరు తెరిచేలోపే అసిస్టెంట్ ప్రిన్సిపల్ ఫైల్లో రాసుకున్నది తిప్పి చూపించారు.