ఫైనల్స్ పాసయ్యాను, ఒబీస్ పేషెంట్ ఎయిర్‌వే కేసు గురించి నాలుగు మాటలు

రిజల్ట్ వచ్చేసింది, పాస్! అనస్థీషియా ఫైనల్స్ రాయబోయేవాళ్లకి సిలబస్ గురించి నేను కొత్తగా చెప్పేదేం లేదు, థియరీకి పాత ప్రశ్నలు తిరగేస్తే సరిపోతుంది. నాకు లాంగ్ కేసులో (ప్రాక్టికల్‌లో ఒక పేషెంట్‌ని పూర్తిగా పరీక్షించి చెప్పేది) పడింది మాత్రం బాగా లావున్న సర్జికల్ పేషెంట్, దాని గురించే రాస్తున్నా.

చాలామంది బీఎంఐ (ఎత్తుకి తగ్గ బరువు లెక్క) 40 దాటిందనగానే డిఫికల్ట్ ఇంట్యుబేషన్, అంటే శ్వాసనాళంలోకి ట్యూబ్ వేయడం కష్టం అని రాసేస్తారు. కానీ 2002లో బ్రాడ్‌స్కీ అనే అనస్థీషియా డాక్టర్ వాళ్ల స్టడీలో మార్బిడ్ ఒబీస్ (విపరీతంగా లావున్న) పేషెంట్లని చూస్తే బీఎంఐతో సంబంధం కనపడలేదు, తేడా తెచ్చినవి మెడ చుట్టుకొలత, మల్లంపాటి స్కోరు (నోరు తెరిస్తే గొంతు లోపల ఎంత కనిపిస్తుందో చెప్పేది). మెడ 40 సెం.మీ. ఉంటే ఇబ్బంది అయ్యే అవకాశం 5 శాతం దాకా, 60 సెం.మీ. అయితే 35 శాతం. ఈ రెండు అంకెలూ నోటికి రావాలి.

నాకు అసలు పట్టు దొరికింది టేప్ చేతిలోకి తీసుకున్నాకే. ప్రీఆప్ రౌండ్‌లో ప్రతి ఒబీస్ పేషెంట్‌కీ థైరాయిడ్ కార్టిలేజ్ దగ్గర మెడ కొలిచేదాన్ని, కూర్చోబెట్టి, "ఆ" అనమనకుండా నాలుక బయటపెట్టించి మల్లంపాటి, నోరు ఎంత తెరుస్తున్నారు, గడ్డం నుంచి థైరాయిడ్ నాచ్ దాకా ఎంత దూరం, గురక ఉందా, ఇవన్నీ డైరీలో రాసి పక్కనే నా అంచనా రాసుకుని మర్నాడు లారింగోస్కోపీలో (ట్యూబ్ వేయడానికి పరికరంతో గొంతులోకి చూడటం) వచ్చిన కార్మాక్ లెహేన్ గ్రేడ్‌తో (స్వరపేటిక ఎంత కనపడిందో చెప్పేది, 1 అంటే బాగా కనపడినట్టు) పోల్చేదాన్ని. కష్టం అనుకున్నవాళ్లలో చాలామందికి గ్రేడ్ 1 వచ్చేది. అసలు కష్టమైన కేసులే తక్కువ కాబట్టి ఏ టెస్ట్ పెట్టినా ఫాల్స్ పాజిటివ్‌లు (కష్టం అని తప్పుగా చెప్పేవి) ఎక్కువే ఉంటాయి, పుస్తకంలో ఎన్నిసార్లు చదివినా ఎక్కని ఈ పాయింట్ ఆ డైరీ వల్లే ఎక్కింది. ఒకావిడకి బరువంతా పొట్ట, తుంటి దగ్గరే, మెడ సన్నం, ట్యూబ్ సునాయాసంగా వెళ్లింది. అంతకన్నా తక్కువ బరువున్న ఇంకొకాయనకి పెంచిన గడ్డం, గురక, పొట్టి మెడ, ఆయనకి మాస్క్ వెంటిలేషన్‌కే ఇద్దరం పట్టాల్సొచ్చింది. మాస్క్ కష్టం వేరు, ట్యూబ్ కష్టం వేరు, వైవాలో రెండూ విడివిడిగా చెప్పండి.

టేప్ పట్టుకు తిరిగితే మార్కులొస్తాయా అని అన్నవాళ్లున్నారు. వచ్చాయి. రోజూ రాయాలి, డ్యూటీ తర్వాత ఎంత నీరసంగా ఉన్నా రాయాలి, ఆ ఓపిక లేకుండా లాంగ్ కేసు రాదు.

ఎగ్జామినర్ చివర్లో అడిగారు, టెస్టులన్నీ నార్మల్ అయితే నిశ్చింతగా ఇండక్షన్ (మత్తు) ఇచ్చేస్తావా అని. ఇవ్వను సార్ అన్నాను, ఎఫ్ఆర్సీ (మామూలుగా ఊపిరి వదిలాక ఊపిరితిత్తుల్లో మిగిలే గాలి) తక్కువ కాబట్టి శాచురేషన్ (రక్తంలో ఆక్సిజన్ శాతం) చకచకా పడిపోతుంది, అందుకని చెవి రంధ్రం, స్టెర్నల్ నాచ్ ఒకే లెవెల్‌కి వచ్చేలా వీపు, తల కింద ఎత్తు పెట్టి ర్యాంప్ చేసి, తల వైపు ఎత్తి ప్రీఆక్సిజనేషన్ (మత్తుకి ముందే ఆక్సిజన్) ఇచ్చి, వీడియో లారింగోస్కోప్, సుప్రాగ్లాటిక్ డివైస్ (స్వరపేటిక పైన కూర్చునే శ్వాస పరికరం) పక్కన పెట్టుకునే మొదలుపెడతానని చెప్పాను. ఆయన తలూపి ఎక్స్‌రేల టేబుల్‌కి పంపించేశారు.