98 శాతం ఉందని ఇంటికి పంపించారు

ఓడలో మంటలు ఎలా లేచాయని నన్ను ఇప్పటికీ అడుగుతుంటారు. నాకు తెలిసినంతవరకు అందులో చెప్పడానికి ఎక్కువ లేదు. కాకినాడ నుంచి సముద్రంలోని గ్యాస్ బావులకు సామాను చేరవేసే ఓడలో నేను ఎలక్ట్రికల్ పని చూసేవాడిని. ఇంజన్ గదిలో పుట్టిన మంట మెట్ల దారిని మూసేయడంతో, పొగలో తడుముకుంటూ డెక్కు మీదికి వచ్చి, లైఫ్ జాకెట్ పట్టీ బిగించుకోకుండానే దూకేశాను. జాకెట్ మెడ మీదికి జారింది. డీజిల్ తెట్టె కట్టిన ఉప్పునీళ్ళు కొంత మింగాను, కొంత పీల్చాను. ఉప్పాడ వైపు నుంచి వేటకు వచ్చినవాళ్ళు నన్ను జుట్టు పట్టుకుని పడవలోకి లాగారు. ఒక కుర్రవాడు నీళ్ళు కక్కించాలని నా పొట్ట నొక్కబోతే, పెద్దాయన "వద్దురా" అని వారించి, నన్ను పక్కకు తిప్పి పడుకోబెట్టాడు. పొట్ట నొక్కితే కక్కినది ఊపిరితిత్తుల్లోకి పోతుందని తరువాత డాక్టరు చెప్పినప్పుడు, ఆ పెద్దాయనకు మనసులోనే దణ్ణం పెట్టుకున్నాను.

అయితే నేను చావుకు అన్నిటికంటే దగ్గరగా వెళ్ళింది సముద్రంలో కాదు, జగన్నాథపురంలోని మా ఇంట్లో.

ఒడ్డుకు చేరాక నన్ను తీసుకువెళ్ళిన ఆసుపత్రి పేరు రాయను. డ్యూటీ డాక్టరు నా వేలికి మీటరు తగిలించి, ఒక ఎక్స్‌రే తీయించారు. అప్పటికే నేను దగ్గుతున్నాను, కఫం మసి రంగులో పడుతోంది. రుమాలు విప్పి చూపించినా ఆయన దాని వైపు చూడలేదు. "ఆక్సిజన్ 98 శాతం ఉంది. ఓడ మీద బతికేవాళ్ళకు నాలుగు గుక్కల ఉప్పునీళ్ళు ఒక లెక్కా? ఇంటికెళ్ళి పడుకోండి" అని నవ్వారు. పక్కనే ఉన్న మా బావమరిది కూడా నవ్వాడు. "ఈ ఒక్క రాత్రికి ఇక్కడే ఉంచండి డాక్టరుగారూ" అని మా ఆవిడ రెండుసార్లు అడిగింది. రెండు గంటలైనా గడవకముందే మమ్మల్ని పంపించేశారు. ఆ నవ్వును నేను ఇంకా క్షమించలేదు.

రాత్రి ఒంటిగంటన్నరకు మెలకువ వచ్చేసరికి గుండెల మీద తడి ఇసుక బస్తా పెట్టినట్టుంది. పడుకుంటే ఊపిరి అందదు, కూర్చుంటే దగ్గు ఆగదు. లోపల ఎక్కడో నీళ్ళు గురగురమంటున్నాయి. మా ఆవిడ చీర చెంగుతో నా నోరు తుడిచి, లైటు దగ్గరకు తీసుకువెళ్ళి చూసింది. చెంగుకు గులాబీ రంగు నురగ అంటింది. తను అరవలేదు, ఏడవలేదు. 108కి ఫోను చేసి, వీధి పేరు, ఇంటి గుర్తులు నిదానంగా చెప్పి, అంబులెన్సు వచ్చేదాకా నా వీపుకు తన వీపు ఆనించి కూర్చుంది. ఆ సేపంతా "అన్నవరం సత్యనారాయణమూర్తీ" అని తను గొణుగుతూనే ఉంది. నా పెదవులు నీలంగా మారాయని తరువాత చెప్పింది.

రెండో ఆసుపత్రిలో ముఖానికి బిగించిన మాస్కుతో నాలుగు రోజులు, ఆపైన న్యుమోనియాతో వారం రోజులు గడిచాయి. అక్కడి ఊపిరితిత్తుల డాక్టరమ్మ నా మంచం పక్కన కూర్చుని, జరిగినదంతా ఓపికగా విడమరచి చెప్పారు. పొగతో పాటు పీల్చిన కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు రక్తానికి పట్టుకున్నా, వేలి మీటరు దాన్ని ఆక్సిజన్‌గానే లెక్కిస్తుందట. నిజం తేలాలంటే అప్పటికప్పుడే ప్రత్యేకంగా రక్తపరీక్ష చేయాలి. ఇక ఉప్పునీరు గాలి తిత్తులను తెరిచి ఉంచే జిగురు పొరను పాడుచేసి, ఒంట్లోని నీటిని వాటిలోకి లాగుతుంది. అది కొన్ని గంటల మీద ముదురుతుంది కాబట్టి, మొదటి ఎక్స్‌రే బాగున్నంత మాత్రాన ధైర్యపడకూడదు. ఇలా మునిగి తేలినవారిని కనీసం 6 నుంచి 8 గంటలు కనిపెట్టుకుని ఉండాలి. ఎవరింట్లోనైనా ఇలా జరిగితే, పంపించేస్తామన్నా కదలకండి, గొడవపడైనా అక్కడే ఉండండి.

ఇంటికి వచ్చాక, గట్టిగా ఊపిరి పీల్చి బంతులను పైకి లేపే మూడు బంతుల పరికరం ఇచ్చారు. రెండు బంతులు లేచేవి, మూడోది కదిలేది కాదు. అంతకంటే భయపెట్టింది మూడో వారంలో జరిగిన సంగతి. మా అబ్బాయి ఏదో అడిగితే త్రీ ఫేజ్ తీగల రంగులు చెప్పబోయాను. ఎరుపు తరువాత ఏమిటో గుర్తు రాలేదు. పద్దెనిమిదేళ్ళుగా చేస్తున్న పని అది. ఆ విషవాయువు ప్రభావం కోలుకున్నాక కూడా, నలభై రోజుల లోపు, మతిమరుపుగా బయటపడవచ్చని డాక్టరమ్మ ముందే హెచ్చరించి ఉండబట్టి, వెంటనే నరాల డాక్టరు దగ్గరకు వెళ్ళాము. స్కానింగులో పెద్ద లోపమేమీ లేదన్నారు. రంగులు నాలుగో నెలకు వాటంతటవే తిరిగివచ్చాయి.

డిశ్చార్జి తరువాతి ఖర్చులు తమకు సంబంధం లేదని కంపెనీవారు ఉత్తరం రాశారు. ఓడ కార్మికుల కోసం 2006లో కుదిరిన అంతర్జాతీయ ఒప్పందాన్ని మన దేశం 2015లో ఆమోదించింది. దాని ప్రకారం గాయపడిన నాటి నుంచి కనీసం 16 వారాల వైద్యం ఖర్చు ఓడ యజమాని భరించాలి. ఆ మాట రాసి పంపాక గానీ డబ్బు రాలేదు. బిల్లులన్నీ తేదీల వారీగా దాచిన మా ఆవిడ లేకపోతే అదీ వచ్చేది కాదు.

ఆరో నెలలో మొక్కు తీర్చుకోవడానికి అన్నవరం వెళ్ళాము. కారులో కొండెక్కమని అందరూ అన్నా నేను మెట్లే ఎక్కాను. సగం దాటాక ఆయాసం వచ్చి కూలబడ్డాను. మా ఆవిడ సంచిలో వేలి మీటరు ఉంది గానీ తను దాన్ని బయటకు తీయలేదు. డాక్టరమ్మ నేర్పినట్టు చేతి గడియారం చూస్తూ, నా ఛాతీ మీద చూపు నిలిపి, నిమిషం పాటు నా ఊపిరి లెక్కపెట్టింది.

"ఇరవై రెండు. ఇంకాసేపు కూర్చోండి" అంది.

కాసేపటికి మళ్ళీ లెక్కపెట్టి, "పదిహేడు" అని కొబ్బరికాయల సంచి భుజానికి తగిలించుకుని లేచింది.