బుడగలు వస్తే పనిచేస్తున్నట్టేనా? హైడ్రోజన్ పెరాక్సైడ్ సంగతులు

మోకాలు చెక్కుకుపోయిన పిల్లాడి గాయం మీద హైడ్రోజన్ పెరాక్సైడ్ పొయ్యగానే తెల్లటి నురుగు బుసబుసా పొంగుతుంది. "చూశావా, క్రిములెలా చస్తున్నాయో" అని పక్కనున్నవాళ్లు అనేస్తారు. ఆ నురుగులో క్రిముల వాటా తక్కువ, పిల్లాడి రక్తం వాటా ఎక్కువ. మన రక్తంలోనూ ఒంట్లోని కణాల్లోనూ కాటలేజ్ అనే ఎంజైమ్ ఉంటుంది. పెరాక్సైడ్ తగిలిన మరుక్షణం అది దాన్ని నీళ్లుగా, ఆక్సిజన్‌గా విడగొట్టేస్తుంది. పచ్చి బంగాళాదుంప ముక్క మీద నాలుగు చుక్కలు వేసి చూడండి, అక్కడా అలాగే పొంగుతుంది. బంగాళాదుంపకి సెప్టిక్ అయిందని ఎవరూ అనుకోరు కదా.

అంటే బుడగ చెప్పేది ఒక్కటే: పెరాక్సైడ్ ఖర్చైపోతోంది. దేని మీద ఖర్చవుతోందో అది చెప్పదు. గాయం మీద పోసినప్పుడు బ్యాక్టీరియా కొంత చచ్చే మాట నిజమే, కానీ గాయాన్ని పూడ్చడానికి వచ్చే కొత్త కణాలు కూడా దాంతోపాటే దెబ్బతింటాయి. రోజూ పోస్తూ ఉంటే మానాల్సిన పుండు మానడం ఆలస్యం కావొచ్చు. చిన్న గాయానికి ధారగా పడే మంచినీళ్లు, చుట్టూ కొంచెం సబ్బు చాలు. మేకు దిగిన గాయం లాంటి లోతైన రంధ్రంలోకి సిరంజితో పెరాక్సైడ్ ఎక్కించడం మరీ ప్రమాదం. పుట్టిన ఆక్సిజన్‌కి బయటికి దారి లేకపోతే రక్తనాళాల్లోకి దూరుతుంది.

ఇక సీసా మీది అంకెలు. ఎక్కువమంది పొరబడేది ఇక్కడే. కొన్నిటి మీద శాతం ఉంటుంది, కొన్నిటి మీద "వాల్యూమ్" అని ఉంటుంది. ఈ రెండూ ఒకటి కావు. 10 వాల్యూమ్ అంటే ఒక మిల్లీలీటరు ద్రావణం పూర్తిగా విడిపోతే 10 మిల్లీలీటర్ల ఆక్సిజన్ వస్తుందని లెక్క. అది 3 శాతంతో సమానం. 20 వాల్యూమ్ అంటే 6 శాతం, 30 అంటే 9, 40 అంటే 12. జుట్టు రంగుల కోసం అమ్మే 40 వాల్యూమ్ సీసాని "పెరాక్సైడే కదా" అని నోట్లో పోసి పుక్కిలిస్తే చిగుళ్లు కాలతాయి. ఇంటి పనులన్నిటికీ 3 శాతం సరిపోతుంది. 6 శాతం దొరికితే అంతే కొలత డిస్టిల్డ్ వాటర్ కలిపితే 3 శాతం అవుతుంది. ఏ పూటకి కావాల్సింది ఆ పూటే కలుపుకోవాలి. కలిపి దాచుకుంటే బలం తగ్గిపోతుంది.

"ఫుడ్ గ్రేడ్" అని రాసి అమ్మే 35 శాతం సరుకుని ఇంట్లోకి రానివ్వకపోవడమే మంచిదని నా అభిప్రాయం. ఫుడ్ గ్రేడ్ అన్నది శుద్ధికి సంబంధించిన మాట, తాగొచ్చని కాదు. దాంట్లో ఒక్క మిల్లీలీటరు నుంచి 100 మిల్లీలీటర్లకి పైగా ఆక్సిజన్ వస్తుంది. పొరపాటున ఒక గుక్క, అంటే 30 మిల్లీలీటర్లు, మింగితే కడుపులో మూడు లీటర్లకి పైగా గ్యాస్. గొంతు, కడుపు కాలడం ఒక ఎత్తు. ఆ బుడగలు రక్తంలో కలిసి మెదడుకో గుండెకో అడ్డుపడటం ఇంకో ఎత్తు. నీళ్లలో చుక్కలు వేసుకుని తాగమనీ, నెబ్యులైజర్‌లో పోసి పీల్చమనీ చెప్పేవాళ్ల మాట వినకండి. 3 శాతం ద్రావణం ఒక గుక్క లోపలికి పోతే మామూలుగా వాంతి, కడుపుబ్బరంతో ఆగుతుంది. అయినా గొంతులో వేలుపెట్టి కక్కించకుండా వెంటనే డాక్టర్‌కి ఫోన్ చెయ్యాలి.

గాఢమైన పెరాక్సైడ్ వేలికి అంటితే చర్మం సున్నం రాసినట్టు తెల్లబడి చురుక్కుమంటుంది. చర్మం లోపల పుట్టిన ఆక్సిజన్ బుడగల వల్ల వచ్చే తెలుపది. వెంటనే నీటిధార కింద పెడితే కాసేపటికి మామూలు రంగు వస్తుంది. కంట్లో పడితే 15 నిమిషాలపాటు ఆపకుండా నీళ్లతో కడిగి కంటి డాక్టర్‌కి చూపించాలి. గాఢమైనది ఒలికితే పాతగుడ్డతో తుడిచి చెత్తబుట్టలో పడెయ్యకండి. తడి ఆరేకొద్దీ గుడ్డలో గాఢత పెరిగి, వేడెక్కి అంటుకునే ప్రమాదం ఉంది. నీళ్లు ధారాళంగా పోసి కడిగెయ్యాలి.

3 శాతం సీసా ముదురు గోధుమరంగులో ఉండేది వెలుతురు తగలకుండా. దాన్ని విడగొట్టేవి వెలుతురు, వేడి, లోహపు రేణువులు, మురికి. అందుకే పారదర్శకమైన స్ప్రే సీసాలోకి మార్చకూడదు. కొలత కుదిరితే స్ప్రే మూతనే అసలు సీసాకి బిగించుకోవాలి. వాడగా మిగిలింది తిరిగి సీసాలో పొయ్యకూడదు, దూదిని సీసాలో ముంచకూడదు. గాలి చొరబడని గాజుసీసాలో బిగించి పెడితే లోపల ఆక్సిజన్ పేరుకుని సీసా పగలొచ్చు. ప్లాస్టిక్ సీసా ఉబ్బి కనిపించిందంటే ఒత్తిడి పెరిగిందనే అర్థం. మొహానికి దూరంగా పట్టుకుని మూత మెల్లగా వదులు చెయ్యాలి. మూత తీశాక ఆరు నెలలు దాటితే బలాన్ని నమ్మలేం. బంగాళాదుంప ముక్క మీద వేస్తే చప్పగా ఉండిపోయిందా, సీసాలో మిగిలింది నీళ్లే.

మరకల్లో పెరాక్సైడ్ బాగా వదిలించేది రక్తపు మరకని. ముందు చన్నీళ్లతో జాడించాలి. వేడినీళ్లు పోస్తే రక్తంలోని ప్రొటీన్ గట్టిపడి దారాన్ని పట్టేసుకుంటుంది. తర్వాత మరక కింద మడత పెట్టిన తెల్ల తువాలు పరిచి, డ్రాపర్‌తో 3 శాతం ద్రావణాన్ని మరక అంచు నుంచి మధ్యకి చుక్కలుగా వెయ్యాలి. నురుగు లేస్తుంది. నిమిషం ఆగి తెల్లగుడ్డతో అద్దాలి, రుద్దకూడదు. నురుగు తగ్గేదాకా రెండు మూడుసార్లు ఇలాగే చెయ్యాలి. ఆ తర్వాత చన్నీళ్లతో శుభ్రంగా జాడించి మామూలుగా ఉతకాలి. జాడించకుండా ఎండలో వేస్తే మిగిలిన పెరాక్సైడ్ ఆ చోట రంగుని లాగేస్తుంది. రంగుబట్ట అయితే ముందు లోపలి కుట్టు దగ్గర ఒక చుక్క వేసి పది నిమిషాలు చూడండి. పట్టు, ఉన్ని జోలికి పోకపోవడమే మేలు.

తుప్పు మరక మీద మాత్రం అస్సలు వెయ్యకండి. ఇనుము తగిలితే పెరాక్సైడ్ చాలా తీవ్రమైన రాడికల్స్‌గా, అంటే తగిలినదాన్నల్లా పట్టి చీల్చే అణువుల ముక్కలుగా, చీలుతుంది. అవి నూలు దారాన్నే కొరికేస్తాయి. అప్పటికి బట్ట బాగానే కనిపిస్తుంది, ఒకటి రెండు ఉతుకుల తర్వాత సరిగ్గా మరక ఉన్నచోట చిల్లి పడుతుంది. తుప్పుపట్టిన హుక్కులు, జిప్పులు ఉన్న బట్టలకీ ఇదే సూత్రం.

కటింగ్ బోర్డు, సింకు, బాత్రూం పలకల లాంటి వాటికి వాడేటప్పుడు జనం చేసే తప్పు తొందర. స్ప్రే కొట్టి వెంటనే తుడిచేస్తే క్రిములు చావవు. ముందు సబ్బుతో జిడ్డు, మురికి పోగొట్టాలి, లేకపోతే పెరాక్సైడ్ మురికి మీదే ఖర్చవుతుంది. కడిగాక తడిసిపోయేలా కొట్టి పది నిమిషాలు తడి ఆరకుండా ఉంచి, తర్వాత నీళ్లతో కడగాలి. పలకల సందుల్లో బూజుకీ అంతే, కాకపోతే పది నిమిషాల తర్వాత బ్రష్‌తో రుద్దాలి. గోడలోపలికి దిగిన బూజు పైపై స్ప్రేతో పోదు, చెమ్మ ఎక్కణ్ణుంచి వస్తోందో చూసుకోవాలి. పాలరాయి, ఇత్తడి, రాగి మీద వాడితే మెరుపు పోవచ్చు.

పుక్కిలించడానికైతే 3 శాతం ద్రావణంలో సమానంగా నీళ్లు కలిపి, అర నిమిషం పుక్కిలించి ఉమ్మెయ్యాలి. కొద్దిరోజులకి మించి వద్దు, అదేపనిగా వాడితే నాలుక నల్లబడి నూగు లేస్తుంది. చెవిలో గుబిలి మెత్తబడటానికి కొన్ని చుక్కలు పనికొస్తాయి కానీ కర్ణభేరికి చిల్లి ఉన్నా, చెవి కారుతున్నా వెయ్యకూడదు. కాంటాక్ట్ లెన్సులు శుభ్రం చేసే పెరాక్సైడ్ ద్రావణం వేరు. దానితో వచ్చే డబ్బాలో ప్లాటినం పూత ఉన్న బిళ్ల ఉంటుంది. గంటల తరబడి అది పెరాక్సైడ్‌ని విడగొట్టి ఉప్పునీళ్లలా మార్చేస్తుంది. ప్యాకెట్ మీద రాసిన గడువు కాకముందే, లేదా మామూలు డబ్బాలో నానబెట్టి, లెన్స్ పెట్టుకుంటే కన్ను భగ్గుమంటుంది.

కలపకూడనివి కొన్ని. వెనిగర్‌తో ఒకే సీసాలో కలిపితే పెరాసెటిక్ యాసిడ్ పుట్టి కళ్లు, ముక్కు, గొంతు మండిస్తుంది. బ్లీచ్‌తో కలిపితే ఒకదాన్నొకటి తినేసి వేడి, ఆక్సిజన్ ఒక్కసారిగా వెలువడతాయి. మూతపెట్టిన సీసా అయితే పగులుతుంది. అసిటోన్ ఉన్న నెయిల్ పాలిష్ రిమూవర్ దగ్గరికి కూడా చేర్చొద్దు, పేలే స్వభావమున్న పదార్థాలు తయారయ్యే అవకాశం ఉంది. కుక్క ఏదో తినేస్తే కక్కించడానికి పెరాక్సైడ్ పట్టించడం పశువైద్యుడు కొలత చెప్తే తప్ప చెయ్యకూడదు. పిల్లికైతే అసలు వద్దు, కడుపు పుండ్లు పడతాయి.

గడువు దాటిన 3 శాతం సీసాని కుళాయి తిప్పి సింకులో పారబోస్తే చాలు. ఎట్టి పరిస్థితిలోనూ పెరాక్సైడ్‌ని మంచినీళ్ల సీసాలోకి మార్చకండి. చూడ్డానికి అచ్చం నీళ్లే, వాసన కూడా దాదాపు ఉండదు. చీకట్లో దాహమేసి ఎత్తినవాడికి గొంతు దిగేదాకా తేడా తెలీదు.