బ్యాచ్ వెళ్ళిపోయాక తేమ మిషన్‌ను ఎవరు చూస్తారు?

శనివారం రాత్రి, తార్నాక

ఫైనల్ ఇయర్ ప్రాజెక్టు వైవాలు ఇవాళ్టితో అయిపోయాయి. పొద్దున తొమ్మిదిన్నరకు కూర్చుంటే లేచేసరికి నాలుగు దాటింది. మధ్యలో కాసేపు కరెంటు పోవడం తప్ప అంతా సాఫీగానే జరిగింది.

ఎక్కువ ప్రాజెక్టులు ఏటా చూసేవే. ముఖం గుర్తుపట్టి హాజరు వేసే సిస్టమ్, నిండగానే మెసేజ్ పంపే చెత్తడబ్బా, గీత వెంట నడిచే రోబో. కొన్ని అమీర్‌పేటలో డబ్బిచ్చి తెచ్చుకున్నవని బోర్డు మీది సోల్డరింగ్ చూస్తేనే తెలిసిపోతుంది. పిల్లల మీద నాకు కోపం లేదు. ఏడో సెమిస్టర్‌లో టైటిల్ ఇవ్వమంటాం, ఎనిమిదో సెమిస్టర్‌లో పనిచేయించి చూపించమంటాం. మధ్యలో ప్లేస్‌మెంట్ పరీక్షలు, ఇంటర్న్‌షిప్‌లు, ఇంట్లో టెన్షన్లు. ఆ వ్యవధిలో ఎవరైనా చేయగలిగింది అంతే.

ఒక్క బ్యాచ్ దగ్గర మాత్రం ఎక్స్‌టర్నల్‌గా వచ్చిన ప్రొఫెసర్ గారు కుర్చీ ముందుకు జరుపుకున్నారు. ముగ్గురు పిల్లలు కలిసి వడ్లలో తేమ కొలిచే మిషన్ చేశారు. వాళ్ళలో ఒకబ్బాయిది సూర్యాపేట వైపు ఊరు, వ్యవసాయ కుటుంబం. ఈ టాపిక్ ఎందుకు తీసుకున్నావని ఆయన అడిగితే రిపోర్టు భాష పక్కన పెట్టి ఇంటి భాషలో చెప్పాడు. "సార్, ఐకేపీ సెంటర్ల ఒక మ్యాచర్ చెప్తరు, మిల్లు కాడికి పోయినంక ఇంకో మ్యాచర్ చెప్తరు. రెండిట్ల ఏది నిజమో మా నాయనకెట్ల తెలుస్తది? ఇంటికాడ్నే చూసుకుంటే, వడ్లు ఎప్పుడు ఎత్తాల్నో మాకే తెలుస్తది గదా."

మ్యాచర్ అంటే తేమ (మాయిశ్చర్), ఐకేపీ సెంటర్ అంటే ఊళ్ళో మహిళా సంఘాలు నడిపే వడ్ల కొనుగోలు కేంద్రం. వడ్లు అమ్ముకునే ఇంట్లో పుట్టినవాళ్ళకు ఇది విడమరచి చెప్పక్కర్లేదు. ప్రభుత్వ కొనుగోలుకు తేమ 17 శాతం దాటకూడదు. దాటితే ఆరబోసుకుంటూ కాంటా కోసం ఎదురు చూడాలి. ఆ రాత్రే వాన పడితే పట్టాలు కప్పి, తెల్లారాక మళ్ళీ మొదటికి. మరీ ఎక్కువ ఆరితే తూకం తగ్గి రైతే నష్టపోతాడు.

మిషన్ సూత్రం పాతదే. రెండు లోహపు పలకల మధ్య వడ్లు పోసి కెపాసిటెన్స్, అంటే ఆ పలకలు ఎంత విద్యుదావేశం నిలుపుకోగలవో, కొలుస్తారు. మధ్యలో ఉన్న పదార్థం దాన్ని ఎన్ని రెట్లు పెంచుతుందో చెప్పే అంకె డైఎలెక్ట్రిక్ స్థిరాంకం. నీటిది దాదాపు 80. ఎండిన గింజది మూడో నాలుగో. అందుకే గింజలో నీరు కొద్దిగా పెరిగినా మీటరుకు తెలిసిపోతుంది. బజార్లో దొరికే తేమ మిషన్లలో చాలావరకు ఇలాగే పనిచేస్తాయి. వీళ్ళు పడ్డ కష్టమంతా దాన్ని ఒక చిన్న రైతు కొనుక్కోగలిగే ధరకు దించడంలో ఉంది.

"ఏ రకం వడ్లతో చూశారు?" అని అడిగారు ప్రొఫెసర్ గారు. ఇంటి దగ్గర నుంచి తెచ్చిన ఒక్క రకమే. "మిట్టమధ్యాహ్నం ఎండలో పెట్టి చూశారా?" చూశారట. పొద్దున చూసిన రీడింగుకూ దానికీ రెండు శాతం తేడా వచ్చింది. "టెంపరేచర్ కరెక్షన్ పెట్టాం సార్, ఇంకా సరిగా కుదర్లేదు" అందొక అమ్మాయి, ఏమీ దాచకుండా. నా మటుకు నేను ఆ మాటకే మంచి మార్కులు వేశాను. కొనుక్కొచ్చిన ప్రాజెక్టులో ఎప్పుడూ తప్పు రీడింగ్ రాదు.

దిగులు ఆ తర్వాత మొదలైంది. ఈ మిషన్ రైతు చేతికి వెళ్ళాలంటే సన్నరకాలు, దొడ్డురకాలు అన్నిటితోనూ సరిచూడాలి. ప్రతి శాంపిల్‌నూ తూచి, వంద డిగ్రీలు దాటిన ఓవెన్‌లో గంటల తరబడి ఆరబెట్టి, మళ్ళీ తూచి, అసలు తేమ ఎంతో తేల్చి, దాన్ని మిషన్ చెప్పిన అంకె పక్కన రాసుకోవాలి. ఇప్పుడున్నవి యాసంగి వడ్లు. తేమతో అసలు గొడవ వానాకాలం పంట కోసే అక్టోబరు, నవంబరుల్లో. అప్పటికి వీళ్ళలో ఒకరు గచ్చిబౌలిలో ఉద్యోగంలో ఉంటారు, ఒకరు ఎమ్మెస్‌కు వెళ్ళి ఉంటారు. సూర్యాపేట అబ్బాయి గ్రూప్స్ కోచింగ్‌కు అశోక్‌నగర్‌లో రూమ్ చూసుకుంటున్నాడు.

మా డిపార్ట్‌మెంట్‌లో ఒక ఇనప బీరువా ఉంది. వైవా అయిన ప్రాజెక్టులన్నీ అందులోకే వెళ్తాయి. సాయంత్రం తేమ మిషన్ పెట్టడానికి తెరిచి అక్కడే నిలబడిపోయాను. చూపు లేనివాళ్ళకు బస్సు నంబరు చదివి చెప్పే పరికరం ఉంది, నాకు బాగా గుర్తు, చక్కగా పనిచేసింది. బోరు మోటారు కాలిపోకుండా చూసే బోర్డు ఉంది. వైర్లు ఊడిపోయాయి. ఏ కోడ్ ఏ బోర్డుదో చెప్పేవాళ్ళు లేరు. రిపోర్టులున్నాయి, బంగారు రంగు అక్షరాలతో బైండింగ్ చేసి. వాటిలో మొదటి ముప్పై పేజీలు ఇంటర్నెట్ అంటే ఏమిటో చెబుతాయి. ఫలానా రెసిస్టర్ ఎందుకు మార్చామో, ఏ రోజు రీడింగ్ తప్పిందో ఒక్క ముక్క ఉండదు. తర్వాత వచ్చినవాడు అక్కడి నుంచి అందుకోవడానికి దారే లేదు. ప్రతి బ్యాచ్ మళ్ళీ సున్నా నుంచి మొదలుపెడుతుంది.

మన కాలేజీల్లో తెలివికి కొదవ ఉందని నేను ఒప్పుకోను. ఒక పనిని ఐదేళ్ళు, పదేళ్ళు పట్టుకుని ఉండే ఏర్పాటు లేదు. పేద దేశంలో విశ్వవిద్యాలయం చేయగల గొప్ప పని అదేనని రోజురోజుకూ నాకు గట్టిగా అనిపిస్తోంది. కంపెనీ మూడు నెలల లాభం చూసుకోవాలి, ప్రభుత్వం ఐదేళ్ళకోసారి మారుతుంది. ఒక ప్రశ్నను తరం నుంచి తరానికి అందించడానికి జీతాలిచ్చి మనుషుల్ని పెట్టుకున్నది విశ్వవిద్యాలయం ఒక్కటే.

ఇంటికొచ్చి భోజనాల దగ్గర ఇదంతా చెబితే మామయ్య గారు నవ్వారు. వ్యవసాయ శాఖలో పనిచేసి రిటైరయ్యారు ఆయన. "ఈ కంచంలో ఉన్నదేమిటనుకున్నావమ్మా? బాపట్ల కాలేజీది" అన్నారు. బీపీటీ 5204, సాంబ మసూరి. బాపట్ల వ్యవసాయ కళాశాలలో తయారై 1986లో విడుదలైంది. బీపీటీ అంటే బాపట్లేనని నాకు తెలుసు గానీ, తర్వాత కథ ఆయన చెప్పే తీరు వేరు. రుచికి, దిగుబడికి దేశమంతా పాకింది గానీ బ్యాక్టీరియా ఆకు ఎండు తెగులుకు తట్టుకోలేకపోయింది. తెగులును తట్టుకునే మూడు జన్యువులున్న వరి లూధియానాలోని పంజాబ్ వ్యవసాయ విశ్వవిద్యాలయంలో తయారైంది. దాన్ని తెచ్చి మన రాజేంద్రనగర్‌లోని వరి పరిశోధన సంస్థ వాళ్ళు, హబ్సిగూడలోని కణ, అణు జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ వాళ్ళు కలిసి సాంబ మసూరితో సంకరం చేశారు. పుట్టిన మొక్కల్ని మళ్ళీ మళ్ళీ సాంబ మసూరితోనే కలుపుతూ, ప్రతి తరంలో డీఎన్ఏ గుర్తుల సాయంతో ఆ మూడూ ఉన్న మొక్కల్నే ఏరుతూ పోయారు. మెరుగైన సాంబ మసూరి 2008లో వచ్చింది. బాపట్లలో మొదలైన పనికి 22 ఏళ్ళ తర్వాత హైదరాబాద్‌లో ఇంకో మెట్టు పడింది. మొదట చేసినవాళ్ళెవరూ ఆ గదుల్లో లేరు. విత్తనం ఉంది, రికార్డు ఉంది, ఆ ప్రశ్న తెలిసినవాళ్ళున్నారు.

"మరి మీ మిషన్‌కు విత్తనం ఏది?" అన్నారు మామయ్య గారు. ఆ ప్రశ్న ఇంకా చెవిలోనే ఉంది.

భోజనం అయ్యాక రోజూలాగే తార్నాక నుంచి హబ్సిగూడ దాకా నడిచాను. ఈ కాస్త దూరంలోనే ఎన్నున్నాయో. ఇటు ఉస్మానియా, అటు జాతీయ పోషకాహార సంస్థ, రసాయన పరిశోధనల ఐఐసీటీ, సీసీఎంబీ, భూభౌతిక పరిశోధనల ఎన్‌జీఆర్‌ఐ. ఉస్మానియా 1918లో ఉర్దూ మాధ్యమంతో మొదలైంది. ఐఐసీటీకి పునాది 1944లో నిజాం ప్రభుత్వం పెట్టిన పరిశోధనశాల. టీకాల కంపెనీ శాంతా బయోటెక్నిక్స్ గుర్తొచ్చింది. 1993లో వరప్రసాద్ రెడ్డి గారు కంపెనీ పెట్టినప్పుడు సొంత ల్యాబ్ లేదు. ఉస్మానియాలో చోటు దొరికింది, తర్వాత సీసీఎంబీలో. 1997లో హెపటైటిస్-బి టీకా బయటకొచ్చింది. జన్యు ఇంజనీరింగ్ పద్ధతిలో మన దేశంలో తయారైన మొదటి టీకా అది. విదేశీ టీకా ధరలో చిన్న వంతుకే దొరికింది. ఆయన చదివింది ఎలక్ట్రానిక్స్, జీవశాస్త్రం కాదు. మా ఈసీఈ (ఎలక్ట్రానిక్స్ బ్రాంచి) పిల్లలకు ఈ మాట ప్రతి ఏడూ చెబుతాను. టీకాల మనిషి కాని ఒకాయనకు తలుపు తీసి, బల్ల చూపించి, సూక్ష్మజీవులు తెలిసినవాళ్ళ పక్కన కూర్చోబెట్టడం చిన్న సాయమేమీ కాదు.

ఆ తలుపు బయటివాళ్ళకు తీయడం ఎంత ముఖ్యమో, లోపలి పిల్లల్ని ఇంకొన్నాళ్ళు ఉంచుకోవడం అంత ముఖ్యం. గచ్చిబౌలి ట్రిపుల్ ఐటీ నాకు నచ్చేది అందుకే. 1998లో పెట్టినప్పటి నుంచి అక్కడ పరిశోధన కేంద్రాల చుట్టూనే చదువు నడుస్తుంది. బీటెక్‌తో పాటు పరిశోధనలో ఎమ్మెస్ కూడా చేసే ఐదేళ్ళ కోర్సులున్నాయి. భారతీయ భాషల అనువాదం మీద అక్కడి ల్యాబ్ పాతికేళ్ళుగా పనిచేస్తోంది. పిల్లలు మారుతున్నారు, పని సాగుతోంది. 2015లో స్టార్టప్‌లకు చోటిచ్చే టీ-హబ్ మొదలైందీ ఆ క్యాంపస్‌లోనే. అందరూ భవనాన్ని చూస్తారు గానీ అంతకుముందు పదిహేడేళ్ళుగా ఆ ఆవరణలో జరిగిన పనిని కూడా చూడాలి.

డబ్బు సంగతి రాయకపోతే అన్యాయం. 2020-21 లెక్కల్లో మన దేశం పరిశోధన మీద పెట్టింది జీడీపీలో 0.64 శాతం. దక్షిణ కొరియా ఐదు శాతం దరిదాపుల్లో పెడుతోంది. ఆ కాస్తలోనూ ఉన్నత విద్యాసంస్థల వాటా పదో వంతుకు తక్కువే. 2023లో చట్టం చేసి పరిశోధనకు నిధులిచ్చే అనుసంధాన్ నేషనల్ రీసెర్చ్ ఫౌండేషన్ పెట్టారు, రాష్ట్ర విశ్వవిద్యాలయాలకూ డబ్బు చేరాలన్నది దాని ఉద్దేశాల్లో ఒకటి. చేరాలని మనసారా కోరుకుంటున్నాను. పేటెంట్ ఫీజు విద్యాసంస్థలకు 2021లో 80 శాతం తగ్గించారు, అదీ మంచిదే. కానీ ర్యాంకుల కోసం పేటెంట్ దరఖాస్తులు లెక్కపెట్టుకునే కాలేజీల్లో ఆ కాగితం వెనక పరికరం ఉందా అని ఎవరూ అడగరు. నేను అడుగుతూనే ఉంటాను.

అయినా మా బీరువా సమస్యకు కోట్లు అక్కర్లేదు. నడక నుంచి రాగానే ముగ్గురికీ ఫోన్ చేశాను. సర్టిఫికెట్లు తీసుకుని వెళ్ళే లోపు ఒక నోట్‌బుక్ రాయమన్నాను. తెలుగో ఇంగ్లీషో ఏదైనా సరే, కుదరని రీడింగులతో సహా. "మేడమ్, రఫ్ బుక్కులు పారేయలేదు, అవి కూడా ఇయ్యాల్నా?" అన్నాడు సూర్యాపేట అబ్బాయి. అవే ముందు కావాలన్నాను. వానాకాలం వడ్లు కోసేటప్పుడు వాళ్ళ ఊరి నుంచి శాంపిళ్ళు పంపుతానన్నాడు, అడగకుండానే. మూడో సంవత్సరంలో ఇద్దరు అమ్మాయిలున్నారు, సెన్సర్లంటే ఇష్టం. మినీ ప్రాజెక్టుకు కొత్త టైటిల్ బదులు ఇదే తీసుకోమని అడిగితే, ముందు మిషన్ చూపించమన్నారు. పాత ప్రాజెక్టును కొనసాగించడానికి డిపార్ట్‌మెంట్ నియమాలు ఒప్పుకోవని హెచ్‌ఓడీ గారు అంటారని తెలుసు. టైటిల్ చివర రెండో దశ అని పెడితే ఒప్పుకుంటారు.

సోమవారం చూడాల్సినవి: కెమిస్ట్రీ ల్యాబ్ ఓవెన్ నిజంగా ఎంత వేడెక్కుతుందో థర్మామీటర్ పెట్టి చూడాలి, డయల్ మీది అంకెను నమ్మలేం. మిల్లీగ్రాము దాకా తూచే త్రాసు ఎవరి దగ్గరుందో కనుక్కోవాలి. రకరకాల వడ్ల శాంపిళ్ళ కోసం రాజేంద్రనగర్ వ్యవసాయ విశ్వవిద్యాలయానికి ఉత్తరం రాసి పెట్టాను, ప్రిన్సిపల్ గారి సంతకం కావాలి. ఏ విభాగంలో ఎవరిని కలవాలో మామయ్య గారు రేపు పొద్దున చెబుతానన్నారు.